పక్కింటి పచ్చిక

మదనపల్లె,
నవంబరు 20

అన్నకు,

ఫోన్ చేస్తే నేను అరవడం, నువ్వు "ఆఁ, ఏమీ?" అనడం, నా సంగతులన్నీ వీధి మొత్తానికీ వినపడి నీకు ఒక్కడికి వినపడకపోవడం. ఇంతకంటే ఉత్తరమే నయం. నీ చెవులు మొరాయించాక నా చేతిరాత బాగుపడింది, గమనించావా?

అసలు సంగతికి వస్తాను. పక్కింటి మహేష్ గురించి నీకు చెప్పాను కదా, టమోటా మండీ అతను. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఉన్న ఖాళీ జాగా కూడా కొన్నాడని చెప్పానో లేదో. అందులో బెంగుళూరు నుంచి చాపల్లాగా చుట్టిన గడ్డి తెప్పించి పరిపించాడు. లాన్ అట. ఉంటే ఉండనీ, నాకేం. కానీ దానికి నీళ్ళు పట్టే తీరు చూస్తే నా ఒళ్ళు మండిపోతోంది.

మదనపల్లె చలి నీకు తెలియనిది కాదు. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురింటి గేటు కనపడదు, అంత మంచు. ఆ మంచులో స్వెటరూ మంకీ టోపీ వేసుకుని పైపు పట్టుకుని నిలబడతాడు. గడ్డి మీద మంచు కారుతూనే ఉంటుంది, దానిమీద ఇతని ధార. పోయిన వారం తుఫాను జల్లు పడుతుంటే ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పైపు! మునిసిపాలిటీ కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికి తెలియాలి, నా బోరు చూస్తే దగ్గుతోంది, ఇతను మాత్రం గడ్డికి స్నానాలు చేయిస్తున్నాడు.

ఉండబట్టలేక అడిగేశాను.

"యాల నాయనా, ఈ చలిలో నీళ్ళు?"

"గడ్డి ఎండిపోతాండాది మేడం."

"యాడ ఎండింది? పచ్చగా ఉండాది కదా."

"మద్దిలో సూడండి. గుండ్రంగా పసుపు పడింది. ఎన్ని నీళ్ళు పట్టినా ఆడ మాత్రం నిలవట్లేదు."

నిజమే, నడుమ ఒక చోట పసుపు పడి ఉంది. దానికోసం మొత్తం ముంచేయాలా? నా పడకగది గోడ చెమ్మెక్కి సున్నం ఉబ్బుతోంది. మోకాళ్ళ సంగతి సరేసరి. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు నీటి పొదుపు మీద వ్యాసాలు రాయించిన దాన్ని, ఇది కళ్ళతో చూస్తూ ఊరుకోమంటే నా వల్ల కాదు.

వాళ్ళింట్లో నాకు నచ్చేది ఒక్క తేజస్వినే. ఐదో ఏడు. "అవ్వా, చెనక్కాయలు ఉండాయా?" అని గోడ అవతలనుంచి అరుస్తుంది. వాళ్ళమ్మ శ్రుతి పిలిస్తే పలకదు గానీ, నేను ఒక్క మాట చెబితే వింటుంది. ఆ పిల్ల మొహం చూసే ఇన్నాళ్ళూ గొడవ పెట్టుకోలేదు. ఇక పెట్టుకుంటాను.

స్వర్ణ


పుంగనూరు,
నవంబరు 29

స్వర్ణమ్మకు,

నీ ఉత్తరం కోడలు పల్లవికి చూపించాను. "అత్త లాన్ మీద యుద్ధం ప్రకటించినట్టుంది మామా" అని కాగితం మీద రాసి ఒకటే నవ్వు.

నువ్వు బడి భాషలో మాట్లాడితే ఎవరూ వినరు. నీటి పొదుపు అంటే తల ఊపి మళ్ళీ పైపు పట్టుకుంటారు. మనుషులు దేనికి భయపడతారో అది చెప్పాలి. తడి గడ్డిలోకి కప్పలొస్తాయి, కప్పల కోసం పామొస్తుంది. చూశానని చెప్పు. చిన్నపిల్ల ఉన్న ఇల్లు కదా, మర్నాడే పైపు చుట్టేసి అటక మీద పడేస్తారు. చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించే పిల్లల్ని మన నాయన ఇలాగే తోట బయటికి తరిమేవాడు, గుర్తుందా?

మీ కాలనీ ఉన్న చోట ఒకప్పుడంతా మల్బరీ తోటలు. పట్టు శాఖలో పనిచేసేటప్పుడు పురుగులకు తెగులొస్తే మందులు పట్టుకుని సైకిలు మీద ఆ పక్కకు వచ్చేవాణ్ణి. నీ గృహప్రవేశానికి వచ్చినప్పుడు ఆ రోడ్లూ రాళ్ళూ చూసి ఏది ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. మంచి ఎర్రనేల. అలాంటి నేలలో గడ్డి ఒక్క చోటే పసుపు పడడమేమిటో మరి. మన్ను పలచగా పోశారేమో.

చెమ్మ గదిలో పడుకోవద్దు. మంచం హాల్లోకి మార్చుకో.

అన్న


మదనపల్లె,
డిసెంబరు 19

అన్నకు,

నీ సలహా మండిపోను. పాము కథ నా పరువు తీసింది.

మహేష్‌తో నాగుపాము అన్నాను. ఆ సంగతి మరిచి సాయంత్రం శ్రుతితో రక్తపింజర అన్నాను. వాళ్ళు పాములు పట్టేవాణ్ణి పిలిపించి, పూలమొక్కలన్నీ పెరికించి, గోడవారంతా తవ్వించారు. ఏమీ లేదు. రాత్రి మొగుడూ పెళ్ళాం కూర్చుని నా రెండు పాముల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టున్నారు. మర్నాడు శ్రుతి గోడ దగ్గరికి వచ్చి, "మీకు మా లాన్ సూస్తే కడుపు మంట. దానికి పాప పేరు జెప్పి మమ్మల్ని భయపెడతారా మేడం?" అంది. అంతకు ముందే వార్డు సచివాలయంలో ఫిర్యాదు కూడా ఇచ్చాను కదా. వచ్చిన అబ్బాయి వాళ్ళింట్లో కాఫీ తాగి, లాన్ బాగుందని ఫోటో తీసుకుని వెళ్ళాడు. ఇప్పుడు కాలనీలో నేనేం చెప్పినా నవ్వులాటే.

నీళ్ళు రెట్టింపయ్యాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మాఘమాసంలో తేజుకు చెవులు కుట్టిస్తారట, లాన్ మీదే షామియానా వేసి. అప్పటికి ఆ పసుపు మచ్చ పోవాలని వాళ్ళ పంతం.

నువ్వు నవ్వకపోతే ఒకటి చెబుతాను. అన్ని నీళ్ళు పోస్తే ఆ మచ్చ దగ్గర మడుగు కట్టాలా, వద్దా? కట్టదు. పోసిన నీళ్ళు పోసినట్టే మాయమవుతాయి. సాయంత్రం పైపు ఆపాక కప్పలు అరుస్తాయి. గడ్డి మీద ఒక్క కప్ప కనపడదు, అరుపు మాత్రం కిందినుంచి వస్తుంది. మొన్న తేజు ఆ మచ్చ మీద ఎగురుతూ, "అవ్వా, ఈడ దుమికితే డోలు మాదిరి మోగతాండాది సూడు" అంది. నేను గోడ ఇవతల నుంచి విన్నాను. నిజంగానే మోగింది. గట్టి నేల మీద దూకితే వచ్చే చప్పుడు కాదది.

పిల్లను కేకేసి చెనక్కాయలిచ్చి గోడ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

స్వర్ణ


పుంగనూరు,
డిసెంబరు 27

స్వర్ణా,

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆ పాపను ఆ మచ్చ మీద ఎగరనివ్వద్దు. ఏం చెప్పి ఆపుతావో నాకు తెలియదు, ఆపు. నువ్వు కూడా అక్కడ అడుగు పెట్టొద్దు.

మీ కాలనీ పక్క నల్లప్ప అనే రైతుకు మల్బరీ తోట ఉండేది. తోట నడుమ బావి. పెద్దది కాదు, గుండ్రంగా, రాతికట్టుతో ఉండేది. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళినప్పుడు ఆ బావి నీళ్ళు తాగే తెరిపిన పడేవాణ్ణి. మీ ఇల్లు ఆ తోటలోనే ఉందేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. బావి పూడ్చే ఉంటారు, ప్లాట్లు వేసేవాళ్ళు పూడ్చకుండా అమ్మరు. కానీ బాగా పూడ్చిన నేల మోగదు.

నల్లప్ప తోట అమ్మేసి కుప్పంలో కూతురి దగ్గర ఉంటున్నాడని విన్నాను. వెళ్ళి అడుగుతాను. ప్రస్తుతం జ్వరంతో పడుకుని ఉన్నాను, పల్లవి గడప దాటనివ్వడం లేదు. లేవగానే బయలుదేరతాను.

మహేష్‌తో అప్పుడే బావి మాట ఎత్తవద్దు. రెండు పాముల తర్వాత బావి అంటే ఏమవుతుందో నీకు తెలుసు. రూఢి చేసుకుని చెబుదాం.

అన్న


కుప్పం,
జనవరి 24

స్వర్ణా,

నల్లప్ప దొరికాడు. బాగా ముసలివాడైపోయాడు గానీ నన్ను చూడగానే "పురుగుల సారు" అని గుర్తుపట్టాడు. బావి మాట కాగితం మీద రాసి చూపించగానే మొహం మాడిపోయింది. ఇంట్లో మాట్లాడనన్నాడు. నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు కదా, అరిస్తే కూతురు వింటుందని భయం. ఊరి బయట చేలోకి తీసుకెళ్ళాడు. చుట్టూ ఎవరూ లేని చోట నిలబడి ఆ రహస్యాన్ని నా చెవిలో కేకలేసి చెప్పాడు. అతను చెప్పిన మాటలు చెప్పినట్టే రాస్తున్నాను.

"నా సంసారాన్ని సాకిన గంగమ్మ అప్పా అది. పూడ్సమనిరి. పూడ్సినానని జెప్పినా. పూడ్సలే. నీళ్ళిచ్చిన తల్లి నోట్లో మన్ను కొట్టేదానికి చేతులు రాలేదప్పా. పసుపు కుంకమ పెట్టి, టెంకాయ కొట్టి, నీలగిరి దుంగలు అడ్డంగా పరిసినా. దుంగల మింద బండలు, బండల మింద మన్ను. లోపల తల్లి బతికే ఉండల్ల అనుకున్యా."

"మనుషులు తిరిగే చోటు కదా నల్లప్పా?"

"ఎండు నేల. తడి తగలకుంటే దుంగ నూరేండ్లుంటాది. దాని మింద దినామూ నీళ్ళు పోసేవాళ్ళు వస్తారని నాకేం దెలుసు? ఈ సీమలో ఎవరన్నా గడ్డికి నీళ్ళు పోస్తారా అప్పా!"

ఇప్పుడు తెలిసిందా, ఆ మచ్చ ఎందుకు పడుతుందో? బండల మీద మన్ను పలచన, వేరు దిగదు, అందుకే అక్కడ గడ్డి నిలవదు. అది నిలవలేదని అతను మరీ నీళ్ళు పోస్తున్నాడు. ఎండాకాలమైతే సగం ఎండకు పోయేది. ఈ చలిలో ఏదీ ఆరదు, పోసిందంతా బండల సందుల్లోంచి దుంగలకే దిగుతుంది. కప్పలు లోపల ఉన్నాయి. నువ్వు విన్నది బావిలోని అరుపే.

నాతో వచ్చి ఈ మాట చెప్పమని బతిమాలాను. రానన్నాడు. "పూడ్సినానని జెప్పి అమ్మినోన్ని. వస్తే కట్టేసి కొడతారు. నాకు దెలీదంటాను" అన్నాడు. కాగితం మీద వేలిముద్ర వేయమన్నాను, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నాలుగు రోజులు ఇక్కడే లాడ్జిలో ఉండి మనసు మార్చాలని చూస్తాను. నువ్వు మాత్రం ఆగవద్దు. వెంటనే చెప్పు.

అన్న


మదనపల్లె,
జనవరి 30

అన్నకు,

ఇది నీ కవరు మీదున్న కుప్పం లాడ్జి అడ్రసుకే పంపుతున్నాను. పూర్తిగా చదివాకే నన్ను తిట్టు.

నీ ఉత్తరం అందిన పూటే మహేష్ ఇంటికి వెళ్ళాను. చేతులు జోడించి మొత్తం చెప్పాను. అతను ఓపిగ్గానే విన్నాడు. విని, "నాగుపాము, రక్తపింజర, ఇప్పుడు బాయి" అన్నాడు. నీ ఉత్తరం చూపించాను. "మీ అన్న రాసిందే కదా మేడం" అన్నాడు. గడ్డపార వేసి చూడమన్నాను. వేశాడు. మూరెడు లోతులో ఖంగుమంది. నా ప్రాణం లేచొచ్చింది, ఇక నమ్ముతాడనుకున్నాను. "మదనపల్లెలో యాడ తవ్వినా బండే తగులుతాది" అని గడ్డపార పక్కన పడేశాడు. శ్రుతి మాత్రం ఊరుకోలేదు. "పిల్లాజెల్లా లేనోళ్ళకు మా పాప శుభకార్యం కండ్లల్లో పడిండాది" అంది. అన్నా, నేను ఆ పిల్ల కోసం వెళ్ళాను. ఆ మాట నా మొహం మీద అంది. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

ఆదివారమే కార్యం. మేనమామ ఒళ్ళో పిల్లను కూర్చోబెట్టి చెవులు కుడతారు కదా, ఆ పీట లాన్ నడుమ వేస్తారట. మచ్చ కనపడకుండా దానిమీద జంపఖానా పరుస్తారట. చుట్టూ కుర్చీలు, మేళం, భోజనాలు. ఆ దుంగలు ఎంత మందిని మోస్తాయి?

నా నిజం ఎవరికీ అక్కర్లేదని తేలిపోయింది. అందుకని ఈ పొద్దున నిన్ను చంపేశాను.

శ్రుతి వాళ్ళత్త వాకిట్లో ఉండగా వెళ్ళి, మా అన్న పోయాడు అని కూలబడ్డాను. ఆ మాట నోట్లోంచి రాగానే నిజంగానే ఏడుపొచ్చింది, అదేం నటన కాదు. ఆ పెద్దావిడ గుండెలు బాదుకుంది. "పక్కింట్లో సావు ఉండంగ మనింట్లో మేళం యెట్ల పెడతారే?" అని కోడల్ని కసిరింది. గంటలో తేలిపోయింది: కార్యం పెద్దపంజాణిలో శ్రుతి పుట్టింట్లో. అదే ఆదివారం, అదే ముహూర్తం. షామియానా వాళ్ళకు వద్దని ఫోన్ చేశారు.

ఇన్ని తిట్టుకున్నానా, నా సంచి ఆటో దాకా మోసింది మహేషే. "ధైర్యంగా ఉండండి మేడం" అన్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు బస్టాండులో కూర్చుని ఇది రాస్తున్నాను. నీ చావుకు పుంగనూరు వెళ్ళాలి కదా. పల్లవికి సంగతి చెప్పి మీ ఇంట్లోనే ఉంటాను. ఫోన్ ఆపేస్తున్నాను, లేకపోతే కాలనీ ఆడవాళ్ళంతా పరామర్శకు ఫోన్లు చేస్తారు, నేను దొరికిపోతాను. సోమవారం ఎవరైనా ఇంజనీరును వెంటబెట్టుకుని వెళ్ళి ఆ నేల తవ్విస్తాను, కాళ్ళు పట్టుకునైనా సరే.

నువ్వు కుప్పంలోనే ఉండు, లేదా తిన్నగా పుంగనూరు రా. ఆదివారం దాటేదాకా మదనపల్లె వైపు మాత్రం రావద్దు. నీకు దండం పెడతాను.

స్వర్ణ


మదనపల్లె,
ఫిబ్రవరి 2, ఆదివారం

స్వర్ణా,

నల్లప్ప రాలేదు. నీ దగ్గరినుంచి జాబూ రాలేదు. ఇక ఆగలేక నేనే మహేష్‌తో మాట్లాడదామని నిన్న సాయంత్రం కుప్పం నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చాను. నీ ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింట్లో అడుగుదామని వెళ్ళి, "నమస్కారం, నేను స్వర్ణలత అన్నను" అన్నాను. గుమ్మంలో ఉన్న పెద్దావిడ చేతిలో చెంబు జారిపోయింది. మహేష్ వచ్చాడు, శ్రుతి వచ్చింది. నోళ్ళు కదులుతున్నాయి, నాకేం వినపడదు. చివరికి మహేష్ ఫోన్‌లో రాసి నా మొహం ముందు పెట్టాడు: "మీరు చచ్చిపోయినారని మీ చెల్లెలు మా ఇంట్లో ఏడ్చి పోయింది."

నాకు కోపం రాలేదమ్మా. ఎందుకు చంపావో చదవగానే అర్థమైంది. కానీ అప్పటికే నేను వాళ్ళ గుమ్మంలో బతికి నిలబడి ఉన్నాను.

బావి సంగతి చెప్పాను. నల్లప్ప చెప్పింది చెప్పినట్టు చెప్పాను. మహేష్ మళ్ళీ రాసి చూపించాడు: "మీ ఇంటిల్లిపాదీ ఇంతేనా సార్?" కార్యానికి పెద్దపంజాణి వెళ్ళడం మానేశామని కూడా రాశాడు. చుట్టాలకు ఫోన్లు వెళ్ళాయి. నా కళ్ళ ముందే షామియానా బండి వచ్చింది. నీకు ఫోన్ చేయమని ఎదురింటి వాళ్ళను అడిగాను, ఆపేసి ఉందని సైగ చేశారు. పల్లవి నంబరు నాకు నోటికి రాదు. నీ వరండాలో పడుకుని పొద్దున్నే మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. ఆదివారం, తాళం. అటునుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. కూర్చోమన్నారు. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవలేదు. తిరిగి వచ్చేసరికి ఇక్కడ కుర్చీలు నిండుతున్నాయి.

మచ్చ మీద జంపఖానా పరిచి పీట వేశారు. మేళం వాళ్ళు దానికి పక్కనే సర్దుకుంటున్నారు. ఇంకేం తోచలేదు. ఒక కుర్చీ లాక్కుని వెళ్ళి, పీట తీసేసి, అక్కడ నేను కూర్చున్నాను. నన్ను లేపితే తప్ప పాపను ఇక్కడ కూర్చోబెట్టలేరు. చుట్టూ మూగారు, దగ్గరికి రావద్దని కర్ర ఊపుతున్నాను. పిచ్చివాడనుకుంటున్నారు. అనుకోనీ, మచ్చకు దూరంగా ఉంటే చాలు. ఒళ్ళో సంచి పెట్టుకుని దానిమీద ఇది రాస్తున్నాను.

నాకు భయంగానే ఉంది స్వర్ణా. నీ దగ్గర దాచడమెందుకు. కుర్చీ వెనక కాళ్ళు జంపఖానాలోకి దిగాయి. మేళం మొదలైనట్టుంది, డోలు మీద కర్ర లేస్తోంది. అరికాళ్ళకు నేల అదురుతోంది. మహేష్ బావమరిదీ ఇంకో ముగ్గురూ చొక్కా చేతులు మడుస్తున్నారు. నలుగురూ ఒక్కసారి ఈ జంపఖానా మీదికి వస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలియదు.

తేజును పిలిచాను. పట్టులంగా కట్టి, తలనిండా పూలు పెట్టారు. దూరంగానే ఆగమన్నాను, ఆగింది. ఈ కాగితం మడిచి దాని వైపు విసురుతాను. "ఇది పక్కింటి అవ్వకు. ఆమె చేతికే ఇయ్యల్ల. ఆమె వచ్చేదాకా ఆమె ఇంటి మెట్టు దిగగూడదు, ఎవరు పిలిసినా సరే" అని చెబుతాను. నీ మాట వింటుందని నువ్వే రాశావు. పాప లేకుండా చెవులు కుట్టలేరు. వెతుక్కుంటూ అందరూ నీ గేటు దగ్గరికే వస్తారు. ముందు తల్లి వస్తుంది, తర్వాత మిగతావాళ్ళు.

నువ్వు వచ్చి ఆ పాపను గట్టిగా పట్టుకో. ఇక్కడ ఏం జరిగినా, నన్ను లేపడానికి మాత్రం ఈ గడ్డి మీద అడుగు పెట్టవద్దు.

అన్న